వేదిక మీద మొదటి మాట

మా సేవా క్లబ్బులో అతిథి వక్తకు ఇరవై నిమిషాలు ఇస్తామని చెబుతాం. అందులో సగం ఆయన్ని పరిచయం చేయడానికే పోతుంది. మిగిలిన దాంట్లో శాలువా, పూలమొక్క, జ్ఞాపిక, ఫోటోలు, ఎవరిదో పెళ్లిరోజు. పాపం ఆ వచ్చిన మనిషి గుండె గురించో భూగర్భజలాల గురించో నాలుగు ముక్కలు చెప్పబోయేసరికి అధ్యక్షుడు గంట కొడతాడు. అవతల ఇడ్లీలు చల్లారిపోతున్నాయి మరి. నారాయణగూడలో ఒక హాలు తీసుకుని ఆదివారం పొద్దున కలుస్తాం. ఈ వక్తలను వెతికి పట్టుకొచ్చే పని చాలా ఏళ్లుగా నాదే. ఎవరూ దొరకని వారం మా ఆయన్నే లాక్కెళ్లేదాన్ని.

మా ఆయన అశోక్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌లో చరిత్ర చెప్పేవారు. గ్రూప్స్‌కు చదివే పిల్లలతో కిక్కిరిసిన గదిలో, మైకు లేకుండానే చివరి బెంచీ దాకా వినిపించే గొంతు ఆయనది. ఇంట్లోనూ అదే గొంతు. కూరలో ఉప్పు తక్కువైతే ఆ సంగతి పక్క ఫ్లాటు వాళ్లకు కూడా తెలిసిపోయేది. నేను తెగ విసుక్కునేదాన్ని. గొంతులో క్యాన్సర్ అని తేలి, స్వరపేటిక మొత్తం తీసేశాక ఇల్లు ఎంత మూగబోయిందంటే, ఫ్రిజ్ చప్పుడుకు కూడా నాకు ఏడుపొచ్చేది.

మెడకు ఆనిస్తే మోగే మిషన్ ఒకటి ఇచ్చారు ఆస్పత్రిలో. ఒక్కసారి వాడి చూసి, ఇది నా గొంతు కాదన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపి బీరువాలో పెట్టేశారు. ఇక రోజంతా కిటికీ దగ్గర కుర్చీలోనే. కింద పుస్తకాల సంచులతో పోయే పిల్లలెవరైనా తలెత్తి "నమస్తే సార్" అంటే లేచి లోపలికి వెళ్లిపోయేవారు. తిండి తగ్గిపోయింది. ఒకరోజు పక్క గదిలోంచే నాకు ఫోన్‌లో మెసేజ్ పెట్టారు, నేనుండి ఏం లాభమని. ఈ మనిషి నా కళ్లముందే తనను తాను వదిలేసుకుంటున్నాడని అర్థమైంది.

సరిగ్గా అప్పుడు మా క్లబ్బుకు జర్మనీ నుంచి ఒక బృందం వచ్చింది. ఇది మాకు కొత్తేమీ కాదు. ఇక్కడి టీచర్లు, నర్సులు, ఇంజనీర్లు కొన్నాళ్లు అక్కడికి వెళ్తారు, అక్కడివాళ్లు ఇక్కడికి వస్తారు. సభ్యుల ఇళ్లలో ఉండి, ఎవరి పని వాళ్లు ఎలా చేస్తున్నారో చూసి, తెలిసింది నేర్పి, తెలియనిది నేర్చుకుని వెళ్తారు. ఆసారి వచ్చిన నలుగురిలో ఒకామె స్వరపేటిక లేనివాళ్లకు మాట నేర్పే మనిషి. ఆ సంగతి తెలిసిన రోజు నాకు దేవుడు ఉన్నాడనిపించింది.

ఆమె ఒక ఉదయం మా ఇంటికి వచ్చింది. గాలిని గొంతు దాటించి అన్నవాహికలోకి లాక్కోవాలట, త్రేన్పు వచ్చినట్టు వెనక్కి తెచ్చి దాన్నే మాటగా మలచాలట. ప, త, క లతో మొదలుపెట్టమంది. మా ఆయన ఆమె ముందు సిగ్గుపడుతూనే నోరు తెరిచారు. శబ్దం రాలేదు కానీ, ఏదో కదిలింది. గడ్డం కింద వేలు పెట్టి సరిచేయాలి, ఇంకొన్ని గంటలు కావాలి, చుట్టూ జనం ఉండకూడదు అందామె. ఆ రోజు ఆయన చాలా నెలల తర్వాత మారు అన్నం పెట్టించుకున్నారు.

కానీ ఆ గంటలు ఏవీ? మావాళ్ల మర్యాదలు మామూలువి కావు. చార్మినార్ చూపించారు, ముత్యాల షాపులు తిప్పారు, నల్లకుంటలో ఒకరింట్లో సీమంతానికి తీసుకెళ్లి గాజులు తొడిగించారు, ముషీరాబాద్‌లో ఇంకొకరింట్లో బిర్యానీ. ఏ ఊళ్లో ఏ క్లబ్బు పిలిస్తే అక్కడికి తీసుకెళ్లి శాలువా కప్పించారు. నేను ఫోన్ చేసినప్పుడల్లా "ఈ ఒక్కటి అయిపోనియ్యమ్మా" అనేవాళ్లు. చివరికి వాళ్లు వెళ్లిపోయే ఆదివారం వచ్చింది.

అంతకుముందు రోజు చిక్కడపల్లిలో మా అధ్యక్షుడి స్టీలు సామాన్ల షాపుకు వెళ్లి గిన్నెల మధ్య నిలబడి కన్నీళ్లు పెట్టుకున్నాను.

"అన్నా, రేపు ఆమెను ఉపన్యాసానికి పిలవకండ్రి. మిగతా ముగ్గురు మాట్లాడతరు కదా. ఆమెను మా సార్‌కు ఇడిసిపెట్టండ్రి. మీకు దండం పెడ్త."

పెద్దాయన కంగారుపడిపోయాడు. "ఏడ్వకమ్మా. హాలు ఎనక రూమున్నది కదా, పొద్దున్నే వచ్చి కూసోండ్రి. మీటింగ్ అయ్యేదాంక ఎవ్వర్నీ రానియ్య. నాది జిమ్మెదారి."

మాట నిలబెట్టుకున్నాడు కూడా. ఆ గదిలో విరిగిన కుర్చీలు, పాత బ్యానర్ల చుట్టలు. ఆమె మా ఆయన ఎదురుగా కూర్చుని, గడ్డం కింద వేళ్లు పెట్టి, మళ్లీ, మళ్లీ అంటోంది. ఆయన నుదుటి మీద చెమట. గోడ అవతల పరిచయాలు సాగుతున్నాయి. ఉన్నట్టుండి ఆయన నోట్లోంచి "ప" వచ్చింది. గరుకుగా, తడిగా, చిన్నగా. ఆయన కళ్లు పెద్దవయ్యాయి. మళ్లీ అన్నారు. "పా." నేను నోరు మూసుకుని గోడకు ఆనుకున్నాను. ఇప్పుడు ఆపకూడదు, ఇది కుదురుకునేదాకా వదలకూడదు అందామె.

అప్పుడే ఎలా ఉందో చూద్దామని అధ్యక్షుడు తలుపు కొంచెం తీశాడు. ఆ శబ్దం విన్నాడు. పెద్దాయన కళ్లలో నీళ్లు తిరిగాయి, అది నేను అబద్ధం చెప్పను. గబగబా వచ్చి మా ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"సార్! మాటొచ్చింది సార్ మీకు! ఇది రూముల దాచుకునేదా? రాండ్రి, మనోళ్లందరు ఇనాలె!"

"అన్నా, వద్దన్నా, ఇప్పుడే వద్దు" అని నేను అడ్డం పడ్డాను. ఆమె ఇంగ్లిష్‌లో గట్టిగా వద్దంది. పెద్దాయన ఆనందంలో ఎవరి మాటా వినలేదు. మా ఆయన జీవితంలో ఎవరి చేతినీ విదిలించుకున్న మనిషి కాదు. వెళ్లారు.

వేదిక మీద కుర్చీ వేశారు. అందరూ లేచి నిలబడ్డారు. మాట ఎక్కడినుంచి వస్తుందో తెలియక ఒకాయన మైకు తెచ్చి, ఊపిరి కోసం ఆపరేషన్‌లో మా ఆయన మెడ మీద పెట్టిన రంధ్రం దగ్గర ఆనించాడు. ఊపిరి చప్పుడు బుస్సుమని హాలంతా మోగింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. మా ఆయన ముఖం నల్లబడిపోయింది. మా వెంటే వచ్చిన ఆమె మైకు లాగేసింది. ఆయన హాలు వైపు చూడలేదు. మెట్ల దగ్గర నిలబడ్డ నా వైపు తిరిగి, గాలి మింగి, మెడ నరాలు ఉబ్బుతుండగా అన్నారు.

"పోదాం."

హాలు చప్పట్లతో దద్దరిల్లింది. ఈలలు కూడా వేశారు. అధ్యక్షుడు మైకందుకున్నాడు. "ఇన్నరా? పోదాం అన్నడు సార్! ఇంకోసారి సార్, ఎనకున్నోళ్లకు ఇనబడలే!"

ఆయన నోరు మూసేసుకున్నారు. నేను మెట్లెక్కి చెయ్యి పట్టుకోబోయాను. ఒక్క నిమిషమమ్మా అంటూ శాలువా వచ్చింది, దండ వచ్చింది, జ్ఞాపిక వచ్చింది. నన్ను కూడా పక్కన నిలబెట్టి ఫోటో తీశారు. గంట కొట్టారు. జనగణమన పాడారు. మేం బయటికి వచ్చేసరికి విమానాశ్రయానికి వెళ్లే వ్యాను స్టార్ట్ చేసి ఉంది. ఆమె నా చేతులు పట్టుకుని ఏడ్చింది.

తర్వాత వీడియో కాల్‌లో నేర్పుతానంది. కెమెరా తన వైపు తిరిగిందో లేదో ఆయన లేచి వెళ్లిపోయారు. ఇక్కడి థెరపిస్టు దగ్గరికి తీసుకెళ్తే పెదవి విప్పలేదు. అధ్యక్షుడు రెండుసార్లు ఇంటికి వచ్చి, "నేనేం తప్పు చేసిన్నమ్మా" అని నిజంగానే అడిగాడు. టీ ఇచ్చి పంపాను. తలుపులన్నీ వేసి, ఫ్యాన్ పెద్దది చేసి, ఎవరూ లేరు, నేనొక్కదాన్నే, ఒక్కసారి "ప" అనండి అని కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. ఆయన నా తల నిమిరి కిటికీ వైపు తిరిగారు. అన్నం మళ్లీ ముట్టీ ముట్టనట్టే తింటున్నారు.

గొంతు పోయాక ఆయన నోరు తెరిచి నన్ను అడిగింది ఆ "పోదాం" ఒక్కటే. పెద్ద కోరిక కూడా కాదు. తీసుకెళ్లలేకపోయాను.