ఒక్కసారి అడిగి ఊరుకునే మర్యాద

మా ఆయన లండన్ చూడలేదు. పాస్‌పోర్టు కూడా లేదు. అయినా సిద్దిపేటలో మా ఇంటి ముందు ఆటో దిగి, డబ్బులిచ్చి, "ఛీర్స్, మేట్" అంటాడు. ఒకసారి ఆ ఆటో అతను గుమ్మంలో ఉన్న నన్ను చూసి, "ఏందమ్మా, సారు పొద్దుగాల్నే షురూ చేసిండా?" అని అడిగాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

ఈ పిచ్చి ఆయనకు ఉద్యోగంలో పట్టుకుంది. ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని, ఇంగ్లండువాళ్ల బీమా గొడవలు ఫోన్లో విని సర్దిచెప్పడం ఆయన పని. వాళ్లతో మాట్లాడీ మాట్లాడీ ముందు మాట తెచ్చుకున్నాడు, తర్వాత తిండి, ఆ తర్వాత బుద్ధి. అలసిపోతే "నాకర్డ్" అంటాడు. కూర బాగుంటే "లవ్లీ", ఉప్పు ఎక్కువైనా "లవ్లీ". నేను మరిగించిన చాయ పక్కన పెట్టి, వేడినీళ్లలో చాయపత్తా సంచి ముంచుకుని, పైన చెంచాడు పాలు పోసుకుంటాడు. పొద్దున జొన్నరొట్టె చేసి తొక్కు పెడితే ముట్టడు. బ్రెడ్డు మీద తియ్యటి చిక్కుడు గింజలు పోసుకుని తింటాడు. డబ్బాలో వస్తాయవి. ఇంగ్లీషువాడు మన ఊరిని నేరుగా ఏలింది కూడా లేదు, ఏలింది నిజాం. ఏలని చోట కూడా వాడికి ఈ గులాంగిరీ ఏమిటో నాకు అర్థం కాదు.

ఇదంతా నా ఒక్కదాని తలనొప్పి అయితే పడి ఊరుకునేదాన్ని. కానీ మా వదిన సంగతి వేరు. వదిన అంటే మా ఆయన అక్క. తల్లి పోయేనాటికి ఈయనకు సరిగా నడక కూడా రాలేదు. వదిన తనే ఇంకా పిల్ల, అయినా చంకనెత్తుకుని పెంచింది. పెళ్లయి మిరుదొడ్డి వెళ్లాక కూడా పండగకు ఈ ఇంటి గడప తొక్కకుండా ఉండేది కాదు. ఆమెకు తల్లిగారిల్లంటూ మిగిలింది ఇదొక్కటే.

మా బాబు మొదటి పుట్టినరోజుకు ఆమె అత్తగారినీ, ఆడబిడ్డలనూ వెంటబెట్టుకుని వచ్చింది. మాలో దావత్ అంటే యాట కొయ్యాలి. కనీసం కోడి. మా ఆయన ఏం పెట్టించాడు? కీరదోస ముక్కలు పెట్టిన బ్రెడ్డు, కేకు, ఆ చప్పిడి చాయ. అక్కడ మధ్యాహ్నం దావత్‌లన్నీ ఇట్లాగే ఉంటాయట! పైగా కార్డు మీద నాలుగు నుంచి ఆరు వరకు అని వేయించాడు. ఆరు కొట్టగానే గుమ్మంలో నిలబడి వచ్చినవాళ్లందరికీ థాంక్స్ చెప్పి సాగనంపడం మొదలుపెట్టాడు. వదిన అత్తగారు చెప్పులేసుకుంటూ అందరికీ వినబడేట్టు అంది: "మేమేమన్న పత్తెమున్నమా బిడ్డా? మీ తమ్ముడు యాట కొయ్యకుంటే మానె, ఇంత బువ్వన్న పెట్టకపాయె."

వదిన తలవంచుకుని వెళ్లిపోయింది. ఆ తర్వాత రాలేదు. రాఖీ పున్నమకు కూడా రాలేదు. మా ఆయనకు చీమ కుట్టినట్టు కూడా లేదు. "బిజీగ ఉన్నదేమో, మనం డిస్టర్బ్ చేయొద్దు," అన్నాడు.

నేనే ఈసారి శ్రావణం రాగానే మిరుదొడ్డి వెళ్లి ఆమె కాళ్లు పట్టుకున్నంత పని చేశాను. చాలాసేపు బెట్టు చేసి, చివరికి, "సరే, పున్నమకు వస్త తియ్యి," అంది. బస్సులో నాకు ఏడుపొచ్చింది, సంతోషంతోనే.

పున్నమనాడు పొద్దున్నే పూర్ణం పెట్టి బచ్చాలు చేశాను, పులిహోర కలిపాను. ఆడబిడ్డకు పెట్టే చీరకు ఫాల్ కుట్టడానికి ఇచ్చి ఉన్నాను, అది తేవడానికి బజారుకు పోతూ మా ఆయనకు మరీ మరీ చెప్పాను. "అక్కొస్తే కూసోబెట్టు. వంటింట్ల అన్నీ ఉన్నయ్." చీర తీసుకుని వచ్చేసరికి ఇల్లు ఖాళీ. ఈయన కంప్యూటర్ ముందు ఉన్నాడు.

"అక్క రాలేదా?"

"వచ్చిపోయింది గద."

"పోయిందా? ఏం పెట్టినవ్?"

"చాయ తాగుతవా అంటే వద్దన్నది. తింటవా అంటే తిన్న అన్నది. ఫేర్ ఇనఫ్ అన్న. వానలెట్ల పడుతున్నయని అడిగిన. తర్వాత నాకు కాల్ ఉండె, రైట్ దెన్ అని లేచిన. ఆమె కూడ లేచింది."

"రాఖీ?"

"తియ్యలేదు. మనమెట్ల అడుగుతం? బాగుండదు."

ఓరి దేవుడా! మన ఇళ్లల్లో వచ్చిన మనిషి మొదటిమాటే తింటానంటుందా? వద్దంటుంది. మళ్లీ అడగాలి. మళ్లీ వద్దంటుంది. చెయ్యిపట్టి పీట మీద కూర్చోబెట్టి, వద్దు వద్దంటున్నా వడ్డించాలి. అది అడుక్కునేవాళ్లకూ ఆడబిడ్డకూ ఉన్న తేడా. ఈ మనిషికి చిన్నప్పటి నుంచి తెలిసిన సంగతే అది. తెల్లోడి మర్యాద నేర్చుకుని ఇంటి మర్యాద మింగేశాడు. చీర సంచి చంకన పెట్టుకుని పాత బస్టాండుకు పరుగెత్తాను.

వదిన బెంచీ మీద ఒక్కతే కూర్చుని ఉంది. పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

"వదినె, లే. ఇంటికి పోదాం. తిన్న అన్నవట, ఏం తిన్నవ్?"

"ఏడ తిన్న? తల్లిగారింటికి వస్తున్న, కట్టినంక తమ్మితోని తిందామని పొద్దుగాల్నుంచి చాయ గూడ ముట్టలే."

"మరి తిన్ననని ఎందుకన్నవ్?"

ఆమె నా మొహం చూసింది. "అంటం పిల్లా. ఎవలన్న అట్లనే అంటరు. వాడు చిన్నగున్నప్పుడు బుక్క బుక్కకు వద్దు వద్దనెటోడు. వద్దన్నడని నేను ఊకుంటే వాడు బతికెటోడా?"

ఆమె కళ్లు తుడుచుకోవడానికి సంచి జిప్పు తీసి దస్తీ బయటకు తీసింది. లోపల పసుపు అంటిన కాగితం మీద రాఖీ ఉంది, ఎర్రటి దారం, నడుమ ముత్యాలు. చూశానని ఆమెకు తెలుసు. జిప్పు మూసేసింది. నేను చీర ఆమె ఒడిలో పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టింది.

"తల్లిగారింటి చీర బస్టాండుల పెడ్తరా? వాపస్ తీస్కపో." మిరుదొడ్డి బస్సు రాగానే ఎక్కేసింది.

ఇంటికొచ్చి ఆమె అన్నమాట పొల్లుపోకుండా మా ఆయనకు అప్పజెప్పాను. నా గొంతు వీధి చివరిదాకా వినబడి ఉంటుంది. వినబడనీ. "బండి తియ్యి. ఇప్పుడే పో. చీర నీ చేత్తోని పెట్టు," అన్నాను. ఆయన మొహం పాలిపోయింది. సెలవు పెట్టి, చీర తీసుకుని వెళ్లాడు. అంత మాత్రానికే నాకు మనసు కొంచెం మెత్తబడింది. దేవుడి ముందు దీపం కూడా పెట్టాను.

చీకటిపడే వేళకు తిరిగి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"మస్తు తినబెట్టింది. వద్దన్నా ఇనలే. చీర తీస్కొని కళ్లకద్దుకున్నది."

మణికట్టు చూశాను. ఏమీ లేదు.

"రాఖీ ఏది?"

"నువ్వన్నవని అడిగిన. బస్సుల ఏడనో పడిపోయిందట, పాపం. నాట్ టు వర్రీ అక్కా అన్న."

"ఇంకోసారి అడగలేదా?"

"ఎందుకు?" అన్నాడు ఆశ్చర్యంగా. "పడిపోయిందని చెప్పింది గద."