పిడుగు ప్లీడరుకి దొరికిన క్లయింటు

పిడుగు ప్లీడరుకి కోపం రావడమంటూ ఉండదు, పోతే కదా రావడానికి! ముప్పయ్యేళ్లుగా బ్యాంకు మేనేజర్లనీ కంపెనీ పెద్దలనీ ఫోర్జరీ, మోసం కేసుల్లో గట్టెక్కిస్తున్న పేరుమోసిన లాయరు. జడ్జి ముందు వెన్నపూస. అరుపులన్నీ సొంత క్లయింట్ల మీదే.

ఇరవయ్యేళ్లుగా పక్క గదిలోనే కూర్చున్న టైపిస్టమ్మకి చెవులు మొద్దుబారాయి. అయినా ఈసారి ఆవిడ ఒళ్లు మండిపోయింది. వచ్చింది ఓ కంపెనీలో లెక్కలు రాసే అమ్మాయి. యజమాని దొంగ కాగితాల మీద సంతకం పెట్టించి, చేతులు దులుపుకున్నాడు. ఓడితే ఈ పిల్లకి జైలు.

"చదవకుండా ఎలా పెట్టావు?" అన్నాడు ప్లీడరు.

"ఆయన గట్టిగా అరిచారండీ. ఎవరరిచినా నాకు కాళ్లూ చేతులూ ఆడవు. ఏదంటే దానికి 'అవును' అనేస్తాను."

ప్లీడరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. మర్నాటి నుంచి రోజూ పదింటికి గది గోడలు అదిరాయి.

"తెలిసే చేశావు కదూ!"

"అవునండీ..."

"డబ్బంతా నువ్వే తిన్నావు కదూ!"

"అవునండీ..." కళ్లనీళ్లు.

"రేపు మళ్లీ తగలడు!"

టైపిస్టమ్మ రాజీనామా కొట్టి ఆయన ముందు విసిరింది. "నోట్లో నాలుక లేని పిల్ల మీదా మీ ప్రతాపం? సిగ్గులేదూ?"

ఆయన రెండు తప్పులు దిద్ది తిరిగిచ్చాడు. "మళ్లీ కొట్టు! తప్పులతో రాజీనామా నేను పుచ్చుకోను!"

మూడు వారాల్లో అలా తొమ్మిది రాజీనామాలయ్యాయి. పదోది మిషన్లో ఉండగా, లోపల బల్ల దడేలుమంది.

"దొంగవి నువ్వే! ఒప్పుకో!"

మళ్లీ దడేలుమంది. ఈసారి గుద్దింది అమ్మాయి.

"ఒప్పుకోను! సంతకం నాది, దొంగతనం ఆయనది! మీరు అరవకండి!"

ప్లీడరు కుర్చీలో కూలబడ్డాడు. "హమ్మయ్య," అన్నాడు, అరిచి అరిచి బొంగురుపోయిన గొంతుతో. "ఇక కోర్టుకి పద."

కోర్టులో అవతలి లాయరు గంటసేపు గుడ్లురిమి అరిచాడు. అమ్మాయి తొణక్కుండా పదకొండుసార్లు "కాదండీ" అంది. ఎవరు, ఎలా సంతకం పెట్టించారో పూసగుచ్చినట్టు చెప్పింది. ఆమె మీద కేసు కొట్టేశారు.

సాయంత్రం ప్లీడరు భార్య ఆఫీసులో టైపిస్టమ్మకి ఫోన్ చేసింది. "అప్పుడే అయిపోయిందా ఆ కేసు? నెల్లాళ్లుగా గొంతుపోయి, ఇంట్లో ఉప్పు కావాలన్నా చీటీ రాసిచ్చారు. అలాంటి క్లయింటు ఇంకొకరుంటే చూడమ్మా!"

టైపిస్టమ్మ వేడినీళ్ల గ్లాసు తెచ్చి ఆయన ముందు ఠపీమని పెట్టింది. దానిమీద మూత, పదో రాజీనామా.

"ఎవరు తెమ్మన్నారు?" అని బొంగురుగా గర్జించాడు.

"నోరు మూసుకుని తాగండి!"

పిడుగు ప్లీడరు కిక్కురుమనకుండా తాగాడు.