పెదనాన్న, నాన్న, ఒక కౌబాయ్ సినిమా

పెరట్లో కోడిని కోస్తుంటే లోపలికి పారిపోయే నేను, తుపాకులు పేలే ఇటలీ కౌబాయ్ సినిమాలంటే ఎందుకు పడి చస్తానో ఇంట్లో ఎవరికీ అర్థం కాదు. నాకు మాత్రం తెలుసు. వాటిలో ఎవరూ ఎక్కువ మాట్లాడరు. నలుగురిలో నోరు విప్పాలంటే నాకు అరచేతుల్లో చెమటలు పడతాయి. ఆ సినిమాల్లో ఒకడు ఊళ్లోకి వచ్చి, ఎవరినీ పలకరించకుండా చుట్ట వెలిగించుకుంటే చాలు, ఊరంతా వాడి వైపే చూస్తుంది. తుపాకీ పేలడం ఒక్క క్షణం. దానికి ముందు నిరీక్షణ ఎంతసేపో! తెర నిండా కళ్లు, ముక్కు మీద వాలిన ఈగ, కదిలీ కదలని వేళ్లు. ఆ నిరీక్షణ కోసమే చూస్తానని డైరీలో కూడా రాసుకున్నాను.

భీమవరం దగ్గర మా ఊళ్లో ఎటు అడుగేసినా నీళ్లే. అందుకేనేమో తెర మీది ఆ ఎండిన నేల నుంచి చూపు తిప్పుకోలేను. అమ్మకు మాత్రం అక్కడి మనుషుల మీద జాలి. "ఇంతమంది చస్తున్నారు గానీ, ఒక్క ఇంట్లోనూ పొయ్యి వెలిగించినట్టు లేదే!" అంటుంది.

ఈ పిచ్చి నాకు అంటించింది నాన్న. చిన్నప్పుడు ఆయనా పెదనాన్నా ఒకే సైకిలు మీద భీమవరం వెళ్లి మార్నింగ్ షోలో ఈ సినిమాలు చూసేవారట. అలాంటి అన్నదమ్ముల మధ్య మాటలు పోయాయి. పెదనాన్న తన పొలాన్ని రొయ్యల చెరువు చేశారు. ఉప్పునీరు ఊరి, పక్కనున్న మా వరిచేను గట్టు వెంబడి ఎర్రబడింది. మధ్యలో ఆ ఉప్పునీటిని మళ్లించే ఊట కాలువ తవ్వించమని నాన్న, ఆ నీరు తన చెరువుది కాదని పెదనాన్న.

మాటలు ఆగాయి గానీ రాకపోకలు ఆగలేదు. పక్కపక్క ఇళ్లు మరి. ఎదురెదురుగా కూర్చునే, "మీ నాన్నకి చెప్పమ్మా" అని ఒకరు, "మీ పెదనాన్నకి చెప్పు" అని ఒకరు. నేను ఒక్క మాట కలపనని, ఒక్క మాట తీయనని ఇద్దరికీ నమ్మకం. నా బెంగల్లా, ఇక జన్మంతా వీళ్లు ఇలాగే ఉండిపోతారేమోనని.

ఒక ఆదివారం మధ్యాహ్నం నాన్న కోసం ఆ పాత సినిమాల్లో ఒకటి టీవీలో పెట్టాను. సంగీతం వినపడగానే పెదనాన్న వచ్చి గుమ్మం పక్క కుర్చీలో కూర్చున్నారు. అమ్మ కాఫీ ఇచ్చింది. చివర్లో గెడ్డంవాడూ నల్లటోపీవాడూ ఎదురెదురుగా నిలబడ్డారు. ఈల. కళ్లు. వేళ్లు. కరెంటు పోయింది.

"ఎవరు చస్తారు నాన్నా?" అన్నాను.

"గెడ్డంవాడు."

"మీ నాన్నకి చెప్పమ్మా, చచ్చేది నల్లటోపీ అని," అన్నారు పెదనాన్న.

"నేను కళ్లారా చూశానని చెప్పు మీ పెదనాన్నకి."

నేను అటు తిరిగేలోపే పెదనాన్న అందుకున్నారు. "ఏం చూశావురా సన్నాసీ! సగంలోనే నిద్రపోయావ్. నిన్ను లేపి సైకిలెక్కించింది ఎవరనుకున్నావ్?"

"నిద్రపోయింది నువ్వన్నయ్యా! గురక కూడాను. ముందు సీటాయన తిట్టాడు."

"నేనా? గురకా?"

వంటింటి గుమ్మంలో అమ్మ గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"చేను ఎర్రబడిపోతోందన్నయ్యా," అన్నారు నాన్న, నెమ్మదిగా.

పెదనాన్న కాఫీ గ్లాసులోకి చూస్తూ, "చూశాన్రా. రోజూ ఆ గట్టు మీదే కదా తిరుగుతాను," అన్నారు.

"చూసి?"

"రొయ్యల పట్టుబడి అయ్యాక కాలువ తవ్విస్తానన్నాగా!"

"ఎప్పుడన్నావ్? ఎవరితో అన్నావ్?"

ఇద్దరూ నా వైపు తిరిగారు.

"నాతో అనలేదండి," అన్నాను.

"సరే, ఇప్పుడంటున్నాగా," అన్నారు పెదనాన్న.

కరెంటొచ్చింది. గెడ్డంవాడు చచ్చాడు. పెదనాన్న, "మేం చూసింది ఇంకో సినిమా లే," అని లేచి వెళ్లిపోయారు.

పట్టుబడి అయింది. పొక్లెయిన్ వచ్చి కాలువ సగం తవ్వి వెళ్లింది. ఇంకెంత లోతు తవ్వాలన్న దాని మీద ఈ పొద్దున గట్టు మీద నిలబడి ఇద్దరూ అరుచుకుంటున్నారు. మేడ మీద బట్టలు ఆరేస్తున్న నాకు ప్రతి మాటా వినపడుతోంది. నన్నెవరూ పిలవడం లేదు.