ఎర్ర బోర్డు మీద నా పేరు

ఆ రోజుల్లో నాకు రెండు విషయాల మీద గట్టి నమ్మకం ఉండేది. ఒకటి, సి భాషలో ప్రోగ్రాం రాయడం నాకు వచ్చినంత బాగా అనకాపల్లిలో ఇంకెవరికీ రాదని. రెండు, అనకాపల్లి దాటినా పెద్దగా ఎవరికీ రాదని. ఇంజనీరింగు పాసై ఏడాది కూడా నిండని కుర్రాడికి అంత ధీమా ఎక్కడిదని అడక్కండి. ఆ వయసులో ధీమా ముందు వచ్చేస్తుంది, సరుకు తరవాత నెమ్మదిగా చేరుతుంది. (కొందరికి చేరదు. నాకు చేరిందనే నా అభిప్రాయం.) తోటివాళ్లంతా హైదరాబాదు, బెంగుళూరు బస్సులెక్కుతుంటే, నేను మాత్రం "నాకు కావలసింది ఓ కంప్యూటరూ, ఓ కుర్చీ. అవి ఇక్కడ దొరకవా ఏటి?" అని ఇంట్లో ప్రకటించి, బజారు పక్క సందులో మేడమీద రెండు గదుల్లో నడుస్తున్న ఓ కంపెనీలో చేరిపోయాను.

కంపెనీ అంటే మొత్తం ముగ్గురం. యజమానిని ఊరంతా కంప్యూటర్ మామ అనేవారు, మేమూ అలాగే పిలిచేవాళ్లం. రెండో మనిషి స్తోత్రం అక్క. ప్రోగ్రాం సరిగ్గా నడిచిన ప్రతిసారీ పైకి చూసి "స్తోత్రం ప్రభువా" అనడం వల్ల వచ్చిన పేరది. (నా ప్రోగ్రాములకు కాస్త గట్టిగా అనేది. అది మెచ్చుకోలు అనుకునేవాణ్ణి.) మూడో మనిషిని నేను. నా ఉద్యోగం మీద ఏమాత్రం గురి లేని నాలుగో మనిషి ఇంట్లో ఉన్నాడు. ఆయన మా బావ, అక్క మొగుడు, రాంబిల్లి మనిషి. నన్ను అడక్కుండానే గాజువాకలో తనకు తెలిసిన గోడౌనులో నాకో గుమస్తా పని మాట్లాడి పెట్టేశాడు. "బెల్లం షావుకారు కాడ మీ బోర్డు ఆడితే సరే. ఆడకపోతే సోమారం నుంచి నా ఎనకాల బండెక్కి వచ్చి లారీలు లెక్కెట్టు," అన్నాడు. మా నాన్న తలూపాడు. మా ఇంట్లో నాన్న తలూపితే అది తీర్పు.

ఆ బోర్డు సంగతి చెప్పాలి. షావుకారు గారి కొట్లో బెల్లం దిమ్మలు కాటా వేసేటప్పుడు, ఎవరి సరుకు ఎంత తూగిందో నలుగురికీ కనబడాలని ఆయన కోరిక. రైతు పేరూ తూకమూ ఎర్ర అక్షరాల్లో గోడమీద పెద్ద బోర్డులో పరుగెత్తాలి. దానికి ప్రోగ్రాం నేను రాశాను. అందులో మూడు పనులు ఒకేసారి జరుగుతుంటాయి. ఒకటి కాటా నుంచి తూకం తెస్తుంది, ఒకటి మనం కొట్టే మీటల్ని వింటుంది, ఒకటి బోర్డు మీద అక్షరాల్ని నడిపిస్తుంది. ఇలా ఒకే ప్రోగ్రాంలో ఎవరి దారిన వాళ్లు పనిచేసుకునే వాటిని థ్రెడ్లంటారు. ఒక్కో రైతుకీ కంప్యూటరు మెమరీలో కొంచెం జాగా అడిగి తీసుకుని, ఆ పని అయ్యాక తిరిగి ఇచ్చేయాలి. సి భాషలో ఆ ఇచ్చేసే బాధ్యత రాసినవాడిదే, ఇంకెవరూ గుర్తుచేయరు. నాలాంటివాడికి ఒకరు గుర్తుచేయడం ఏమిటని నేనూ అనుకున్నాను.

ఆఫీసు గోడకి బోర్డు తగిలించి రోజుల తరబడి పరీక్షలు చేశాను. రైతు పేరు అడిగిన ప్రతిసారీ నా పేరే కొట్టేవాణ్ణి, ఇంటిపేరుతో సహా. అది కుడివైపు నుంచి ఒక్కో అక్షరమే ఎర్రగా వెలుగుతూ వచ్చి, దర్జాగా గోడంతా దాటి, ఎడమవైపు మాయమయ్యేది. దాన్ని కళ్లారా చూసి, అప్పుడు 'తరవాత' అనే మీట నొక్కేవాణ్ణి. ఒక్కసారి కూడా ప్రోగ్రాం మధ్యలో ఆగి పడిపోలేదు. "మామా, ఇది పడదు," అని హామీ ఇచ్చేశాను.

షావుకారు గారి కొట్లో మొదలెట్టిన కాసేపటికే పడింది. రోలుగుంట రైతు ఒకాయన పేరు సగం వచ్చి, మిగతా సగం పిచ్చిగీతలై, బోర్డు నల్లబడిపోయింది. కాటా దగ్గర కూర్చుని మీటలు నొక్కే బాబాయి నా వైపు తిరిగి, "ఏటి నాయినా, బోర్డు సచ్చిపోనాదా?" అన్నాడు. మళ్లీ నడిపించాను, మళ్లీ పడింది. ఏ లైను దగ్గర పడిందో చూపించే డీబగ్గరుని పిలిచాను. అది ఒక్కోసారి ఒక్కో లైను చూపించింది. చూపించిన ప్రతి లైనూ పరమ శుద్ధంగా ఉంది. సరే, లోపల ఏం జరుగుతోందో తెలుసుకుందామని, 'తరవాత' మీట నొక్కగానే 'ఇక్కడిదాకా వచ్చాను' అని తెర మీద అచ్చువేసే లైను ఒకటి పెట్టాను. పడటం మానేసింది! మామ మొహం వెలిగిపోయింది. "అల్లుడూ, ఆ లైను తియ్యకు. గుమ్మానికి నిమ్మకాయ కట్టినట్టు అలగే ఉండనీ," అన్నాడు. బాబాయి చెయ్యి వేడెక్కి జోరు పెంచేసరికి నిమ్మకాయ కూడా పనిచేయలేదు. షావుకారు గారు కోప్పడలేదు, అదే భయంగా అనిపించింది. "రేపు పొద్దున్న ఇంకోపాలి సూత్తాను. అప్పుడూ ఇలగే అయితే ఇశాపట్నం వోళ్లని పిలిపిస్తాను," అన్నారు.

మధ్యాహ్నం ఉప్మాకలో చుట్టాల పెళ్లి. రానంటే వినకుండా బావ నన్ను బండెక్కించుకుని తీసుకుపోయాడు. భోజనాల దగ్గర పక్కన కూర్చోబెట్టుకుని, పూర్తిగా నా వైపు తిరిగి, గోడౌను ఉద్యోగం గొప్పతనం మొదలెట్టాడు. పెళ్లిళ్లలో మన సంగతి తెలిసిందే. తినేవాడి వెనక తరవాతి పంక్తివాడు కుర్చీ పట్టుకుని నిలబడి ఉంటాడు. బావ కుర్చీ వెనకా ఒకాయన ఉన్నాడు. బావ తన బూరెను చివరికని దాచుకున్నాడు. ఈయన అటు తిరిగి ఉండటం చూసి, తినడం అయిపోయిందనుకుని, ఎత్తేవాడు వచ్చి విస్తరి ఎత్తేశాడు. వెంటనే కొత్త విస్తరి పడింది, దాని మీద ఆవకాయ పడింది. బావ ఇవేవీ చూడలేదు. "జీతం ఒకటో తారీకు ఠంచనుగా..." అంటూ, బూరె ఉండాల్సిన చోటుకి చెయ్యి పోనిచ్చి, దొరికిన ముద్దని అలాగే నోట్లో పెట్టేసుకున్నాడు.

తరవాత బావ నోటంట వచ్చింది ఏ భాషో నాకు తెలియదు. కళ్లు ఎర్రబడ్డాయి, మాట పడిపోయింది, నీళ్ల గ్లాసు దొర్లిపోయింది. మాట రాగానే, "నా బూరె ఎత్తీసినోడు ఎవడ్రా?" అని అరిచాడు. ఎత్తేవాడు బిక్కమొహం వేసి, "తమరు అటు తిరిగీసేరు గదండీ, అయిపోనాదనుకున్నాను," అన్నాడు. నేను ఎంగిలిచేత్తోనే లేచి నిలబడిపోయాను. "బావా! నువ్వే నా బోర్డు!" అన్నాను. బావ దగ్గుతూనే మా అక్కవైపు చూసి, "ఈడికి మతి పోనాదే," అన్నాడు. మతి పోలేదు, అప్పుడే వచ్చింది. బాబాయి మీట నొక్కగానే నా ప్రోగ్రాం ఆ రైతు జాగాని ఎత్తేస్తోంది. బోర్డు థ్రెడ్డు ఆ పేరు ఇంకా చదువుతూనే ఉంది. ఆ జాగాలో ఇంకెవరిదో వచ్చి పడుతోంది. బూరె అనుకుని ఆవకాయ అందుకున్నాక బోర్డు మాత్రం ఏం చేస్తుంది పాపం!

బస్సు పట్టుకుని ఆఫీసుకి పరుగెత్తాను. మామ అప్పటికే బోర్డుని కొట్టు నుంచి విప్పించి తెచ్చి మళ్లీ మా గోడకి తగిలించాడు. అంతా చెబితే స్తోత్రం అక్క ఒక్కటే అడిగింది. "మరి మన కాడ ఎందుకు పడలేదు తమ్ముడూ?" చూపిస్తాను ఉండమని నా పేరు కొట్టాను. అది గోడ మీద నడుస్తోంది. నేను చూస్తున్నాను. అక్క బోర్డుని కాకుండా నన్ను చూస్తోంది. "నీ పేరు గోడ దాటేవరకూ నువ్వు మీట నొక్కట్లేదురా!" అని పడిపడి నవ్వి, ఇంకోసారి కొట్టించి, పేరు సగంలో ఉండగానే తనే మీట నొక్కేసింది. బోర్డు పిచ్చిగీతలు గీసి ఆరిపోయింది. "స్తోత్రం ప్రభువా," అంది అక్క. నా ప్రోగ్రాం పడిపోయినందుకు ఆమె స్తోత్రం చెప్పడం అదే మొదలు. నాకూ ప్రాణం లేచొచ్చింది. మన కళ్లముందు పడిన ప్రోగ్రాంని బాగుచేయవచ్చు. ఒక్కో జాగానీ ఇంకా ఎంతమంది వాడుతున్నారో లెక్క ఉంచి, ఆ లెక్కని ఇద్దరు ఒకేసారి మార్చకుండా తాళం వేసి, ఆఖరివాడు లేచాకే విస్తరి ఎత్తేలా మార్చేశాను. అచ్చువేసే ఆ కాస్త ఆలస్యంతోనే కాసేపు పడకుండా కాపాడిన నిమ్మకాయ లైను కూడా తీసి పారేశాను.

మర్నాడు బావ బండి తాళం వేలికి తిప్పుకుంటూ కొట్టు గుమ్మంలోనే నిలబడ్డాడు, నన్ను అటునుంచి అటే తీసుకుపోదామని. బాబాయి మీటని వాయించేశాడు. బోర్డు ఒక్క అక్షరం తడబడలేదు. రోలుగుంట రైతు తన పేరు పూర్తిగా చదువుకుని తువ్వాలు దులుపుకుని వెళ్లాడు. షావుకారు గారు మామ భుజం తట్టారు. బావ కాసేపు అటూ ఇటూ తచ్చాడి, నా చెవి దగ్గరికొచ్చి, "ఒరే, ఓపాలి నా పేరు కొట్రా," అన్నాడు. కొట్టాను. ఆయన నోరు తెరుచుకుని ఆఖరి అక్షరం దాకా చూస్తూ ఉండిపోయాడు. వెనకనుంచి బాబాయి "బేగి కానీండి బాబూ!" అని అరుస్తున్నా కదల్లేదు. గోడౌను మాట మళ్లీ ఎత్తలేదు.

ఇప్పటికీ నేను అనకాపల్లిలోనే ఉన్నాను, ఓ కంప్యూటరూ ఓ కుర్చీతో. దూరపు ఊళ్ల నుంచి కుర్రవాళ్లు ఫోన్ చేసి, "సార్, మా దగ్గర బాగానే నడుస్తోంది, కొన్నవాళ్ల దగ్గరే పడిపోతోంది," అంటుంటారు. "పరీక్షకి ఎవరి పేరు కొట్టావు?" అని అడుగుతాను. "నాదే సార్," అంటారు. షావుకారు గారు కొత్త బోర్డు పెట్టించుకున్నాక పాతది నేనే అడిగి తెచ్చుకున్నాను. నా గది గోడకి ఉంది. పని లేని సాయంత్రాల్లో దాని మీద నా పేరు కొడతాను. ఎన్నిసార్లు గబగబా మీట నొక్కినా పడదు, అంత గట్టిగా రాశాడు ఆ కుర్రాడు. కాకపోతే నేను కళ్లజోడు వెతుక్కుని పెట్టుకునేలోపే పేరు గోడ దాటి వెళ్లిపోతుంది. మళ్లీ కొడతాను. ఈసారి కళ్లజోడు ముందే పెట్టుకుని, ఆఖరి అక్షరం దాకా చూస్తాను.