పులుసు చల్లారేంత ప్రార్థన

విశాఖపట్నంలోని మా సంఘంలో భోజనాల ముందు ప్రార్థన నాదే. పాస్టరుగారి కుటుంబంతో మొదలుపెట్టి దేశాన్నేలే పెద్దల దాకా ఎవరినీ వదలను. పులుసు చల్లారకముందే ఆమేన్ వినబడితే చేసింది నేను కాదని కుర్రకారు ఆటపట్టిస్తారు.

కోల్‌కతా గార్డెన్ రీచ్‌లోని ఒక అనాథ వృద్ధుల ఆశ్రమం నుంచి కబురొచ్చింది. రేవులో మూటలు మోసిన సూరయ్య అనే తెలుగాయన జ్వరం తగ్గినా ముద్ద ముట్టడం లేదట. ఇలాగే ఉంటే మనిషి దక్కడు, తెలుగు మాట్లాడేవాళ్లు ఎవరైనా వస్తారా అని అడిగారు. నేను వెళ్తానన్నాను. నా ప్రార్థన మీద నాకంత ధీమా.

సాయంత్రం రైలెక్కితే మర్నాడు పొద్దున హౌరా. స్లీపర్ బెర్తులు త్వరగా నిండిపోతాయి, ముందే తీసుకోవాలి. ఎదుటి సీట్లో బరంపురం ఆవిడ నా సంగతి విని, "సేవ మాటకేం గానీ, ఆవనూనె కూరలు తినగలరా?" అంది. హౌరాలో బస్సెక్కి, ఖిదిర్‌పూర్‌లో దిగి, ఆటోలో పదిన్నరకి ఆశ్రమం చేరాను. మేడ మీద మంచం ఇచ్చారు.

మధ్యాహ్నం ఆయా మాలా అన్నం, పప్పు తెచ్చి, "ఎవరు పెట్టినా మొహం తిప్పేసుకుంటాడు దీదీ" అంది హిందీలో. సూరయ్య పక్కన స్టూలు వేసుకుని, పళ్లెం ఒళ్లో పెట్టుకుని, కళ్లు మూసుకున్నాను. "ప్రభువా, ఈ బిడ్డకు ఆకలి పుట్టించు" అని మొదలుపెట్టి రేవు కూలీలు దాటి, బెంగాలు రాష్ట్రమంతటికీ వచ్చాను.

"ఏటమ్మా!"

కళ్లు తెరిచాను.

"తెలుగు మాట సెవిన పడీసరికి ఆకలేసింది. కూడు సల్లారిపోతంది. పెడతావా, పెట్టవా?"

నాకు ఒళ్లు మండింది. నా ప్రార్థనకు అడ్డొచ్చినవాళ్లు ఇన్నేళ్లలో లేరు. అప్పుడు చూశాను, ఆయన నోరు తెరుచుకుని ఉన్నాడు. ఏది అడిగానో అది ఎప్పుడో ఇచ్చేశాడు దేవుడు. నేనే కళ్లు మూసుకుని కూర్చున్నాను. సిగ్గూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. ఆమేన్ లేకుండానే ముద్ద పెట్టాను.

సగం పళ్లెం తిన్నాక, "ఇప్పుడు సెయ్యమ్మా పార్థన, ఎంతసేపైనా ఇంటాను" అన్నాడు. నేను పాస్టరుగారి కుటుంబం దాటకముందే గుర్రు పెట్టాడు.

వారం రోజులు స్నానం చేయించాను, గోళ్లు తీశాను, కబుర్లు చెప్పాను. బయల్దేరే రోజుకి వరండాలో కూర్చుని తన చేత్తో తానే తింటున్నాడు.

"నువ్వెల్లిపోతే నాతో ఎవులు మాటాడతారమ్మా?"

"మావాళ్లు వస్తారు బాబాయ్."

ఆ మాట ఇచ్చాను కాబట్టే, ఇక మీదట వెళ్లేవాళ్ల కోసం దారి ఇంత వివరంగా రాస్తున్నాను. తెలుగు వస్తే చాలు, గొప్ప ప్రార్థనలు రానక్కర్లేదు.

తిరుగు రైలు కదలగానే మాలా కట్టిచ్చిన రొట్టెలు విప్పాను. ఎదుటి ముసలావిడ చూపు పొట్లం మీద పడింది. అలవాటుగా కళ్లు మూసుకోబోయి, ముందు రెండు రొట్టెలు ఆవిడ చేతిలో పెట్టాను. తర్వాత "వందనాలు ప్రభువా" అన్నాను. అంతే.

రొట్టెలు ఇంకా వెచ్చగానే ఉన్నాయి.