ఉడకబెట్టని సీసా

మౌంట్ ఆల్బర్ట్‌లోని ఫ్లాట్ నుంచి డ్రైవ్ చేసుకుంటూ వెళ్లి, ఒక యూదుల వైనరీలో లేబుళ్లు అంటించే పని చేసేవాణ్ణి. అక్కడ తాతల నాటి నుంచీ వైన్‌ని ఉడకబెట్టేవారు. అలా చేస్తే యూదులు కానివాళ్లు ముట్టుకున్నా మైలపడదట. మడి అంటేనే నాకు ఒళ్లు మంట. పైగా రుచి దగ్గు మందే. ఆ మాట ఓనర్‌గారి మొహం మీదే అనేశాను.

పెద్దాయన నొచ్చుకోలేదు. ఆ ఏటి పంట నుంచే ఉడకబెట్టడం మానేశారు. ఇక వైన్‌ని నేను ముట్టుకోకూడదు కాబట్టి, ఆ వయసులో పైపులన్నీ ఆయనే మోశారు. నేను చేతులు కట్టుకుని చూశాను.

శాంపిల్‌గా నింపిన ఒకే ఒక్క సీసా తెరిచి, నన్ను భోజనానికి పిలిచారు. పెద్దవాళ్లు పోసుకుంటుంటే కూర్చుని చూడలేం కదా! చటుక్కున సీసా అందుకుని ఆయన గ్లాసు నింపాను. నింపాక గుర్తొచ్చింది.

ఆయన లేచి లోపలికి వెళ్లారు. పాత సీసా తెచ్చుకుని, కొత్తదంతా నా వైపు జరిపారు. నేను దగ్గు మందన్నదాన్ని గుటకేస్తూ, “ఎలా ఉంది?” అని ఆత్రంగా అడిగారు.

చాలా బాగుంది. అందుకే గొంతు దిగలేదు.