గట్టు మీద అమ్మ, పడవలో నాయన

మా చిన్నప్పుడు... ఒక పొద్దున అమ్మ ఎప్పటిలాగే చద్దన్నంలో మజ్జిగ పోసి, మా ముగ్గురికీ తలా ఒక ఉల్లిపాయ ముక్క ఇచ్చింది. తేడా ఒక్కటే... తిన్నది ఇంట్లో కాదు, పడవలో.

ముత్తుకూరు దాటి, బకింగ్‌హాం కాలువ మీద దక్షిణానికి పోతున్నాం. తడ దగ్గర ఉప్పు పండించే కయ్యల్లో నాయనకు పని దొరికింది. అమ్మను ఒక్క మాట అడగకుండా సరేనని వచ్చేశాడు.

అమ్మ గిన్నెలు కడిగి బోర్లించింది. మా ఊరి బావి నీళ్ళున్న చిన్న బిందె చంకనెత్తుకుంది. పడవ గట్టుకు ఒరగగానే దిగిపోయింది.

గట్టు మీద ఇద్దరు మనుషులు తాడుతో పడవను లాగుతున్నారు. వాళ్ళ వెనకే అమ్మ. పడవదీ మనిషి నడకే కదా... అమ్మా మేమూ పక్కపక్కనే పోతున్నాం, మధ్యలో నీళ్ళు.

అమ్మా నాయనా ఇద్దరూ నాతోనే మాట్లాడారు. పెద్దదాన్ని మరి.

"మేయ్ సుగుణా, ఆ ఉప్పునేలలో తాగే నీళ్ళు యాడుండాయో మీ నాయన్నడుగు."

"బాయి ఉండాదంట. మీ అమ్మకు చెప్పు."

"చూసొచ్చినాడా?"

నాయన తల గోక్కున్నాడు.

"చూడలేదంట," అన్నాను నేనే.

తాడు లాగే ఆయన నవ్వాడు. "ఊరికినే నడిచేదేందక్కా, తాడుకో చెయ్యెయ్యి... బిన్నా పోదాం!"

"నేనొచ్చేది లాకు దాకానే అబ్బయ్యా. ఆడ్నించి మా అమ్మగారింటికి."

ఇక నాకు కాలు నిలవలేదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే దూకాలనిపించేది. చెల్లి ఏడుపు, తమ్ముడి ఏడుపు... 'ప్రభువా, లాకు రాకుండా చూడు.' అదే ప్రార్థన, పదే పదే.

లాకు వచ్చింది.

రెండు జతల తలుపులు, మధ్యలో ఇటుక గోడల తొట్టి. పడవ లోపలికి పోగానే వెనక తలుపులు మూశారు. నీళ్ళు దిగుతుంటే పడవ కిందికి, కిందికి... గోడ మీద నిలబడ్డ అమ్మ పైకి, పైకి. కాసేపటికి పాచిపట్టిన గోడ తప్ప ఏమీ కనబడలేదు.

"అమా!" అని చెల్లి అరిచింది.

ముందు తలుపులు తెరుచుకున్నాయి. బయటికొచ్చి చూస్తే... గట్టు మీద అమ్మ. చంకలో బిందె.

నాయన పడవ దిగాడు. బిందె అందుకోబోతే అమ్మ ఇవ్వలేదు. ఇద్దరూ నడిచారు. మొదట ఒకరి వెనక ఒకరు... ఎండ వాలేసరికి పక్కపక్కన. ఏం మాట్లాడుకున్నారో నాకు వినబడలేదు. నా అవసరం తీరిపోయింది.

సాయంత్రం, ఎత్తే వంతెన దగ్గర పడవ ఆగింది. పైన ఎడ్లబండ్లు పోయేదాకా ఆగాలి. అప్పుడు ఇద్దరూ పడవెక్కారు. బిందె ఇప్పుడు నాయన చేతిలో ఉంది.

"ఆ బాయి నీళ్ళు నేను తాగి చూసేదాకా ఒక్క సామాను దించేది లేదు," అంది అమ్మ, ఈసారి నాయన ముఖం చూసే. "ఉప్పగా ఉంటే ఇదే పడవలో ఎనక్కి."

"సరే," అన్నాడు నాయన.

వంతెన లేచింది.

ఇప్పుడా కాలువ చాలాచోట్ల పూడిపోయింది. మొన్న మా ఆయనా నేనూ కారులో తడకు పోతూ, మనుబోలు రాకముందే మాటా మాటా అనుకున్నాం. మిగతా దారంతా చెరో కిటికీ వైపు చూస్తూ కూర్చున్నాం. దిగి నడుద్దామంటే... కారుది మనిషి నడక కాదుగా.

అలిగి దిగిన మనిషి కూడా వెనకబడని ప్రయాణం... మీలో ఎవరైనా చేశారా?